బెంగళూరు–చెన్నై 268 కిలోమీటర్లే, మరి విమానానికి గంట ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. డిసెంబర్ మొదటి వారంలో చెన్నైలో మీ మేనమామ గారి అమ్మాయి పెళ్లి, ముహూర్తం పొద్దున 10:20కి. మీరుండేది బెంగళూరు మారతహళ్లిలో. ఒక సైట్ బెంగళూరు–చెన్నై విమాన దూరం 290 కిలోమీటర్లు అంటోంది, ఇంకోటి 268 అంటోంది. విమానం గంటకి 800 పైన పోతుందంటారు కాబట్టి లెక్క ప్రకారం 20 నిమిషాల్లో దిగిపోవాలి, కానీ టికెట్ మీద గంటా 5 నిమిషాలు, తిరుగు టికెట్ మీద గంటా 10 ఉంది. ఎవరు అబద్ధం చెబుతున్నారు, పొద్దున ఆరున్నర ఫ్లైట్ ఎక్కితే తాళి కట్టే టైముకి మండపంలో ఉంటానా అని.

ఎవరూ అబద్ధం చెప్పట్లేదండి. నేను ఇరవై రెండేళ్లు ఫ్లైట్ డిస్పాచ్‌లో పనిచేశాను, అంటే విమానం ఏ దారిలో వెళ్లాలి, ఎంత ఎత్తులో, ఎంత ఇంధనంతో అని కాగితం తయారుచేసి కెప్టెన్ చేతిలో పెట్టే పని. బెంగళూరు పాత హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్ట్ రోజుల్లో మొదలుపెట్టి, ఇప్పటి ఎయిర్‌పోర్ట్ ఉన్న దేవనహళ్లిలో ముగించాను. ఈ రూట్ కాగితాలు ఎన్ని వందలు తీశానో లెక్కలేదు. పైగా మాది పలమనేరు. బెంగళూరు నుంచి చెన్నైకి మ్యాప్ మీద స్కేలు పెట్టి గీత గీస్తే కోలారు, పలమనేరు, చిత్తూరు పక్కల నుంచే పోతుంది, అంటే ఈ ఫ్లైట్లన్నీ దాదాపు మా ఊరి నెత్తిమీదుగా వెళ్లేవే. అందుకే ఈ ప్రశ్నకి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక చేసుకోండి.

ముందు 290, 268 గొడవ. 290 అనేది ఊరి మధ్య నుంచి ఊరి మధ్యకి. 268 అనేది దేవనహళ్లి ఎయిర్‌పోర్ట్ నుంచి చెన్నైలోని మీనంబాక్కం ఎయిర్‌పోర్ట్‌కి. మీకు పనికొచ్చేది రెండోదే. నమ్మకం లేకపోతే ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. దేవనహళ్లి 77.71 డిగ్రీల రేఖాంశం మీద ఉంది, మీనంబాక్కం 80.17 మీద. తేడా 2.46. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ అంటే 111.3 కిలోమీటర్లు, మన 13 డిగ్రీల అక్షాంశం దగ్గర అది కొంచెం కుంచించుకుపోతుంది కాబట్టి 0.974తో గుణించాలి. 267 దాకా వస్తుంది. ఉత్తర దక్షిణాల తేడా ఓ 23 కిలోమీటర్లు ఉంది, పైథాగరస్ సూత్రంలో దాన్ని కలిపితే 268. అంతే. చిన్న దూరాలకి ఇంతకంటే పెద్ద లెక్క అక్కర్లేదు.

పెద్ద దూరాలకి మాత్రం ఈ పద్ధతి తప్పుతుంది, ఎందుకంటే భూమి గుండ్రం, గోడ మీద మ్యాప్ బల్లపరుపు. ఇంట్లో గ్లోబ్ ఉంటే బెంగళూరు మీద ఒక వేలు, శాన్‌ఫ్రాన్సిస్కో మీద ఒక వేలు పెట్టి మధ్యలో దారం బిగించి లాగండి, దారం పసిఫిక్ మీద పడదు, ఉత్తర ధ్రువం వైపు జారిపోతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి మొదటి నాన్‌స్టాప్ నడిపినప్పుడు ధ్రువం మీదుగానే వచ్చింది. దాదాపు 14,000 కిలోమీటర్లు, 17 గంటలు. పైలట్లందరూ ఆడవాళ్లే, కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం. ఆ జట్టులో పాపగారి తన్మయి అన్న పేరు చూసి మా ఆఫీసులో తెలుగువాళ్లం ఆ రోజు కాస్త ఎక్కువే మురిసిపోయాం. సరే, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు విషయం. టికెట్ మీద రాసే టైము గాల్లో ఉండే టైము కాదు. విమానం చక్రాలకి అడ్డంగా పెట్టే దిమ్మలుంటాయి, చాక్స్ అంటారు, అవి తీసి విమానం వెనక్కి కదిలిన నిమిషం నుంచి, అక్కడ దిగి బే మీద, అంటే విమానం నిలిపే చోట ఆగి మళ్లీ చాక్స్ పెట్టే నిమిషం దాకా. మా భాషలో బ్లాక్ టైమ్. మీ గంటా 5 నిమిషాల్ని విప్పి చూస్తే ఇలా ఉంటుంది. ట్రాక్టర్‌తో వెనక్కి నెట్టి ఇంజన్లు స్టార్ట్ చేయడానికి ఓ ఐదు నిమిషాలు. రన్‌వే దాకా నడుచుకుంటూ పోవడానికి, అక్కడ వరుసలో నిలబడడానికి 10 నుంచి 15, పొద్దున రద్దీలో 20 కూడా అవుతుంది (మీరు ఎక్కాలనుకుంటున్న ఆరున్నర సరిగ్గా ఆ రద్దీ టైమే). గాల్లో 35 నుంచి 40. చెన్నైలో దిగి బే చేరడానికి ఓ ఏడెనిమిది. మిగిలినదేమైనా ఉంటే అది కంపెనీ వాళ్లు ముందుజాగ్రత్తగా కలుపుకున్నది. షెడ్యూల్ టైముకి 15 నిమిషాల లోపు ఉంటే ఆన్‌టైమ్ కిందే లెక్క కాబట్టి ఎవరైనా కాస్త వదులుగానే రాసుకుంటారు. పది నిమిషాలు ముందే దిగామని కెప్టెన్ మైక్‌లో చెప్పినప్పుడు ఆయనేదో గట్టిగా తొక్కాడనుకోకండి, ఆ పది నిమిషాలు టికెట్ అమ్మినప్పుడే దాచిపెట్టి ఉంచారు.

గాల్లో 38 నిమిషాలే అనుకున్నా, 268 కిలోమీటర్లకి సగటు గంటకి 420 దగ్గరే కదా, మరి 800 ఏమైంది అని మీరు అడుగుతారు, అడగాలి కూడా. ఆ 800, 830 అనేది 35,000 అడుగుల ఎత్తులో పల్చటి గాలిలో నిలకడగా పోయేటప్పటి వేగం. చెన్నై ఫ్లైట్ అంత ఎత్తుకి అసలు పోదు. 10,000 అడుగుల లోపల 250 నాట్లు దాటకూడదని పరిమితి ఉంటుంది, అంటే గంటకి 460 కిలోమీటర్ల చిల్లర, ఎక్కేటప్పుడూ అంతే, దిగేటప్పుడూ అంతే. ఇక దిగడం మొదలుపెట్టడానికి మేం వాడే మోటు లెక్క ఒకటుంది, ప్రతి వెయ్యి అడుగులకీ మూడు నాటికల్ మైళ్లు (ఒక నాటికల్ మైలంటే 1.85 కిలోమీటర్లు). 25,000 అడుగుల్లో ఉంటే 75 నాటికల్ మైళ్ల ముందే ముక్కు కిందికి దించాలి. మొత్తం దూరమే 145 నాటికల్ మైళ్లు. అంటే సగం దారి దిగడానికే పోయింది, మిగతా సగంలో చాలావరకు ఎక్కడానికి. మధ్యలో నిలకడగా పోయేది అటూఇటూగా నాలుగైదు నిమిషాలు, ఆ నాలుగైదు నిమిషాల్లోనే పాపం క్యాబిన్ పిల్లలు ట్రాలీ తోసుకుంటూ పరుగెత్తుతారు, మీరు కాఫీ అడిగి వాళ్లని ఇబ్బంది పెట్టకండి. మా ఊరు దాటుతుండగానే దిగడం మొదలవుతుంది.

అటుకీ ఇటుకీ తేడా ఎందుకన్నది మీరు ఊరికే అడిగి ఉంటారు కానీ నాకు ఈ రూట్‌లో అన్నిటికంటే ఇష్టమైన ముచ్చట అదే. విమానం వీలైనంతవరకు ఎదురుగాలిలోనే లేస్తుంది, ఎదురుగాలిలోనే దిగుతుంది. బెంగళూరు రన్‌వేలు రెండూ తూర్పు పడమరలుగా ఉంటాయి, 09 అంటే తూర్పుకి ముఖం, 27 అంటే పడమటికి. చెన్నై పెద్ద రన్‌వే కూడా దాదాపు అదే దిక్కు, 07, 25. డిసెంబర్, జనవరుల్లో ఈశాన్యం నుంచి గాలి వీస్తుంది. అప్పుడు బెంగళూరులో తూర్పుకి లేస్తారు, చెన్నై కూడా తూర్పునే ఉంది కాబట్టి తిరగాల్సిన పని లేదు, అక్కడ దిగేది కూడా పడమటి వైపు నుంచి నేరుగా 07 మీదికి. వీధి గుమ్మంలోంచి బయల్దేరి నేరుగా ఎదురింటి గుమ్మంలోకి వెళ్లినట్టు. అదే జూలైలో అయితే పడమటి గాలి. బెంగళూరులో పడమటికి లేచి వెనక్కి తిరగాలి, చెన్నై దాకా పోయి ఊరు దాటి బంగాళాఖాతం మీదికి వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగి మైలాపూర్, గిండీ, పరంగిమలై మీదుగా 25 మీద దిగాలి. పది నిమిషాలు అక్కడే పోతాయి. కాకపోతే కుడివైపు కిటికీ దొరికితే మెరీనా కనిపిస్తుంది.

తిరుగు ప్రయాణానికి ఇదంతా తలకిందులు. వానాకాలంలో చెన్నై నుంచి బెంగళూరుకి నేరుగా లేచి నేరుగా దిగడం, చలికాలంలో సముద్రం వైపు లేచి తిరిగి, దేవనహళ్లి దాటి పడమటికి పోయి వెనక్కి మళ్లి దిగడం. మీరు వెళ్లేది డిసెంబర్‌లో కాబట్టి పోయేటప్పుడు తక్కువ, వచ్చేటప్పుడు ఎక్కువ. మీ టికెట్ మీది 5 నిమిషాల తేడా పూర్తిగా దీనివల్లే అని ప్రమాణం చేయను, ఆ టైముకి ఎయిర్‌పోర్ట్‌లో రద్దీ ఎంతుందన్నది కూడా చూసి రాస్తారు. కానీ మీరు కిటికీలోంచి కళ్లారా చూడగలిగేది మాత్రం ఇదే.

చాలామంది భూమి తిరగడం వల్ల తేడా వస్తుందనుకుంటారు. కాదు, గాలి కూడా భూమితో పాటే తిరుగుతుంది, రైల్లో కూర్చుని బంతి పైకి ఎగరేస్తే చేతిలోనే పడ్డట్టు. దూరప్రయాణాల్లో తేడా తెచ్చేది పైన వీచే గాలులు. చలికాలంలో ఉత్తర భారతం మీద పడమటి నుంచి గట్టి గాలి ప్రవాహం ఉంటుంది, అందుకే ఢిల్లీ నుంచి కోల్‌కతా తొందరగా పోతారు, వెనక్కి రావడానికి మాత్రం ఎక్కువ పడుతుంది. మన దక్షిణాది మీద జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కథ వేరు, చాలా ఎత్తులో తూర్పు నుంచి పడమటికి ఇంకో ప్రవాహం పరుగెడుతుంది. 1950ల్లో దాని మీద పరిశోధన చేసి లోకానికి చెప్పింది మన తెలుగాయనే, పి. కోటేశ్వరం గారు, తర్వాత భారత వాతావరణ శాఖకి అధిపతి కూడా అయ్యారు. వానాకాలంలో చెన్నై నుంచి దుబాయ్ వెళ్లేవాళ్లకి వెనక నుంచి తోసేది ఆ గాలే, వచ్చేవాళ్లకి ఎదురు తగిలేదీ అదే. బెంగళూరు–చెన్నై మధ్య మాత్రం దాన్ని పట్టించుకోనక్కర్లేదు, ఆ ఎత్తుకి మనం పోయేదే లేదు.

మిగతా ఊళ్లకి కూడా టైము మీరే అంచనా వేసుకోవచ్చు. నేను ఇంట్లో వాళ్లకి చెప్పే లెక్క ఇది. కిలోమీటర్లని 800తో భాగించి వచ్చిన టైముకి 40 నిమిషాలు కలపండి. చెన్నైకి 20 నిమిషాలు ప్లస్ 40, గంట. హైదరాబాద్ 456 కిలోమీటర్లు, 34 ప్లస్ 40, గంటంపావు. విశాఖ 776, గంటా 38 నిమిషాలు. ఢిల్లీ 1,709, మూడు గంటలకి పన్నెండు నిమిషాలు తక్కువ. చెన్నై నుంచి విశాఖ 620 దాకా ఉంటుంది, గంటా 25. టికెట్ తీసి చూడండి, ఐదూ పది నిమిషాల తేడాలో సరిపోతుంది. రెక్కల మీద పంకాలు తిరిగే ఏటీఆర్ అయితే 800 తీసేసి 500 వేసుకోండి. దగ్గరి ఊళ్లకి ఆ చిన్న విమానం పెద్దగా వెనకబడదు, ఎందుకంటే చెప్పాను కదా, జెట్‌కి కూడా అక్కడ పరుగెత్తడానికి చోటు లేదు.

ఇక మీ ముహూర్తం. ఇక్కడ నేను గట్టిగానే చెబుతాను, ఆరున్నర ఫ్లైట్ నమ్ముకోకండి. మామూలు రోజైతే ఏడున్నర, ఏడూ నలభైకి చెన్నైలో దిగుతారు, మీనంబాక్కంలో మెట్రో స్టేషన్ ఎయిర్‌పోర్ట్‌లోనే ఉంది, తొమ్మిదింటికల్లా పట్టుబట్టలు కట్టుకుని మండపంలో కూర్చుంటారు. కానీ మీరు ఎంచుకున్నది డిసెంబర్ మొదటి వారం, తెల్లవారుజాము, ఈ రెండు ఊళ్లు. ఇంతకంటే చెడ్డ కలయిక ఏడాది మొత్తంలో ఇంకోటి లేదు. దేవనహళ్లిలో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారి మంచు. దక్షిణం వైపు రన్‌వేలో మంచులో దిగడానికి మంచి పరికరాలున్నాయి, అయినా మంచు దట్టంగా ఉంటే విమానాల మధ్య ఎడం పెంచుతారు, వరుస పెరుగుతుంది, మీ విమానం రాత్రి ఇక్కడే పడుకున్నదైతే సరే, వేరే ఊరి నుంచి రావాల్సినదైతే అది వచ్చేదాకా మీరు గేటు దగ్గరే. అటు చెన్నైలో అదే వారం తుఫాన్ల కాలం. 2015 డిసెంబర్ వరదలకి చెన్నై ఎయిర్‌పోర్ట్ కొన్ని రోజులు మూతపడింది. 2023లో మిచౌంగ్ తుఫానుకి డిసెంబర్ 4న మూసేశారు. రెండూ మీ పెళ్లి వారమే.

తుఫాను దాకా ఎందుకు, మామూలు జోరువాన చాలు. అలాంటి రాత్రి ఒకటి నాకింకా కళ్ల ముందే ఉంది. చెన్నై కాగితంలో గాల్లో టైము 37 నిమిషాలు. దానికి సరిపడా ఇంధనం, దాని మీద 5 శాతం, చెన్నైలో దిగలేకపోతే ఇంకో ఎయిర్‌పోర్ట్‌కి పోవడానికి ఎంతో అంత, అక్కడ 30 నిమిషాలు చక్కర్లు కొట్టడానికి ఇంకొంత, ఇది ఎవరూ ముట్టుకోకూడని నిల్వ. ఇదంతా రూలు ప్రకారం. ఆ రాత్రి వాతావరణం చూసి నేను ఇంకో అరగంటకి సరిపడా కలిపాను, ఏ320 రకం విమానం గంటకి సుమారు రెండున్నర టన్నులు తాగుతుంది కాబట్టి ఓ 1,200 కిలోలు. కెప్టెన్ కాగితం చూసి, పెన్నుతో ఆ అంకె కొట్టేసి, పక్కన 2,000 అని రాసి, నా వైపు చూసి నవ్వాడు. విమానం వెళ్లింది, చెన్నై బయట చక్కర్లు కొట్టింది, వాన తగ్గలేదు, తిరిగి బెంగళూరుకే వచ్చింది. చెన్నైలో దిగలేని విమానాలకి దగ్గర్లో పెద్ద దిక్కు బెంగళూరే మరి. రెండు గంటల తర్వాత ఎక్కిన చోటే దిగారు జనం. మెట్లు దిగుతున్న ఒక పెద్దావిడ చేతిలో స్టీలు డబ్బా, మూతకి గుడ్డ కట్టి ఉంది, అరిసెలో ఏమో. కింద నిలబడ్డ నన్ను చూసి "చెన్నై వచ్చేసిందా నాయనా?" అని అడిగింది. నాకు నోరు రాలేదు. క్షేమంగా తిరిగి రావడానికి రూలు ప్రకారం పోసిన ఇంధనం ఎలాగూ ఉంది, కానీ ఆ 2,000 లేకపోతే అంతసేపు ఆగి చూడ్డానికి ఉండేది కాదు.

అన్నీ తెలిసిన నేను కూడా ఒకసారి బోల్తాపడ్డాను. మా అక్క కూతురి పెళ్లి, చెన్నైలోనే, నవంబర్ చివర. డ్యూటీ పెట్టుకుని, తెల్లారి ఫ్లైట్‌లో గంటే కదా అని ధీమాగా ఉండిపోయాను. మంచు. గేటు దగ్గర రెండున్నర గంటలు. నేను మండపానికి చేరేసరికి రెండో పంక్తి భోజనాలు నడుస్తున్నాయి. తలంబ్రాలు జుట్టులో ఉన్న మా అక్క "నువ్వు రోజూ విమానాలు పంపిస్తావు కదరా" అంది, అంతే అంది. ఇప్పటికీ అంటుంది.

ఇంకో కోణం కూడా చూడండి. పాత హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్ట్ మారతహళ్లికి కూతవేటు దూరం. 2008 మే నెలలో మొత్తం దేవనహళ్లికి మారింది. ఆకాశంలో చెన్నై దూరం చూస్తే అప్పుడు 271 కిలోమీటర్లు, ఇప్పుడు 268, అంటే మూడు కిలోమీటర్లు తగ్గింది కూడా. మీ ఇంటి నుంచి విమానం మెట్ల దాకా మాత్రం తెల్లవారుజామున అయితే గంట, సాయంత్రం అయితే రెండు గంటలు పెరిగింది. ఆరున్నర ఫ్లైట్‌కి చెకిన్ గంట ముందు మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు మూసేస్తారు, కాబట్టి మీరు మూడున్నరకే లేచి నాలుగింటికల్లా క్యాబ్ ఎక్కాలి. 38 నిమిషాల ప్రయాణానికి ఇంటి నుంచి మండపానికి ఐదు గంటలు. వందే భారత్ రైలు బెంగళూరు నుంచి చెన్నై సెంట్రల్‌కి దాదాపు నాలుగున్నర గంటల్లో చేరుస్తుంది, కాట్పాడిలో ఆగుతుంది, మంచుకి ఇంత భయపడదు. ఇంటి నుంచి స్టేషన్ దాకా ట్రాఫిక్ కలిపినా ఆరు, ఆరున్నర గంటలు. ఆ గంటన్నర తేడా కోసం ముహూర్తాన్ని పణం పెట్టడం ఎందుకు.

నేనైతే ఇలా చేస్తాను. ముందురోజు మధ్యాహ్నం రైలెక్కి రాత్రికి చెన్నైలో దిగండి, ఎదురుకోలు సన్నాహాలు కూడా చూసినట్టుంటుంది, మీ మావయ్య గారు కూడా సంతోషిస్తారు, మేనల్లుడు రాత్రే వచ్చాడని. తిరుగు ప్రయాణం ఫ్లైట్‌లోనే పెట్టుకోండి, దానికి ముహూర్తం లేదు కదా, గంట ఆలస్యమైనా నష్టం లేదు. సాయంత్రం ఐదారింటికి చూసుకుంటే మంచు బెడద ఉండదు. చెన్నైలో లేవగానే సముద్రం వైపు పోతుంది, తర్వాత పడమటికి తిరుగుతుంది. బెంగళూరు దగ్గరికొచ్చాక కింద ఎయిర్‌పోర్ట్ లైట్లు కనిపించి, విమానం అక్కడ దిగకుండా దాటుకుని దొడ్డబళ్లాపూర్ వైపు పోతుంటే పక్క సీటాయన కంగారుపడతాడు. తూర్పు గాలి అండీ, తిరిగి వచ్చి దిగుతాం అని చెప్పండి.